పూర్తికాని సాఫ్ట్‌వేరునకు వెల ఇయ్యవచ్చునా?

పాలు తూచుట, వెన్న శాతము లెక్కకట్టుట, పరపతి సంఘపు ఖాతాలు వ్రాయుట, పొలములోని మోటారును ఇంటినుండి నడపుట, ఆకు ఫొటోను చూచి తెగులు చెప్పుట మొదలగు పనులు నేడు కంప్యూటరుచేతను సెల్‌ఫోనుచేతను జరుగుచున్నవి. యంత్రముచేత ఈ పనులు చేయించు ఆజ్ఞల కూర్పునకే సాఫ్ట్‌వేరని పేరు. యంత్రము ఎడ్లజతవంటిదైనచో, సాఫ్ట్‌వేరు అరక దున్నువానివంటిది. వాడు పని నేర్చినవాడు కానిచో ఎడ్లెంత మేలైనవైనను చాలు వంకరపోవును. ఇట్టి సాఫ్ట్‌వేరును అమ్మువారు సంఘములకడకు వచ్చి, “ఇది యింకను బీటా దశలో నున్నది, ఇప్పుడే కొన్నచో తక్కువ వెలకిత్తుము, ఉన్న కొరతలను ముందుముందు తీర్తుము” అని చెప్పుట కద్దు. పూర్తికాని సరుకునకు కొనువాడు వెల ఇయ్యవలెనా యను ప్రశ్న యిందుండి పుట్టుచున్నది. ఇది పట్టణవాసుల వినోదమునకు సంబంధించిన ముచ్చటయని త్రోసివేయరాదు. సంఘము వెచ్చించు ప్రతి రూపాయియు సభ్యులదే కాన, దీనిని గూర్చి మా యభిప్రాయమును సభ్యులయెదుట నుంచుచున్నాము.

ముందుగా బీటా యన నేమో తెలియవలెను. గ్రీకు లిపిలో ఆల్ఫా మొదటి యక్షరము, బీటా రెండవది. సాఫ్ట్‌వేరు చేయువారు తమలో తాము పరీక్షించుకొను దశకు ఆల్ఫా యనియు, అది కొంత కుదిరిన పిమ్మట బయటివారిచేత వాడించి తప్పులు పట్టించు దశకు బీటా యనియు పేళ్ళు పెట్టుకొనిరి. తయారుచేసినవాడెంత నేర్పరియైనను, వేలకొలది జనుల చేతులలో, పలురకముల యంత్రములపై తన సాఫ్ట్‌వేరు ఎట్లు నడచునో తానొక్కడే కనిపెట్టజాలడు. కావున బయటివాడు వాడి చూచి తప్పును తెలుపును. చేసినవాడు దానిని దిద్దును. ఈ యేర్పాటులో బయటివాడు చేయునది పరీక్షకుని పని. అందుచేతనే చాలకాలము బీటా కూర్పులను ఊరకనే యిచ్చుచుండిరి. గూగుల్ కంపెనీవారి జీమెయిలు 2004 ఏప్రిల్ 1వ తేదీన బయలుదేరి 2009 జూలై వరకు, అనగా అయిదేండ్లకు పైగా, బీటా యను పేరుతోనే నడచినను, సామాన్యులయొద్ద దానికి వెల పుచ్చుకొనలేదు.

రైతులకిది క్రొత్త పద్ధతి కాదు. వ్యవసాయ పరిశోధనా స్థానములో క్రొత్త వరి వంగడము పుట్టినప్పుడు అది వెంటనే విత్తనాల అంగడికి రాదు. మొదట స్థానపు మళ్ళలోను, పిమ్మట పలు ప్రాంతముల స్థానములలోను పండించి చూతురు. ఆ తరువాత మినీకిట్టు అను చిరుసంచులలో విత్తనమును రైతుల పొలములకే పంపి, అచటి నేలలో, అచటి నీటిలో, అచటి తెగుళ్ళనడుమ అది యెట్లు నిలుచునో పరీక్షింతురు. మార్టేరునుండి 1982లో విడుదలయైన స్వర్ణయు, బాపట్లనుండి 1986లో విడుదలయైన సాంబ మసూరియు పరిశోధనా స్థానముల పరీక్షలకు నిలిచిన పిమ్మటనే మన పొలములకు వచ్చిన వంగడములు. మినీకిట్టు విత్తనమును రైతునకు వెలకట్టి అమ్ముట లేదు. ఏలయన ఆ పరీక్షలో నేల రైతుది, నీరు రైతుది, దుక్కి రైతుది, పంట పోయిన నష్టమును రైతుదే. అతడు పరిశోధకునకు ఉపకారము చేయుచున్నాడు. ఉపకారము చేయువానియొద్ద రుసుము పుచ్చుకొనుట న్యాయము కాదని యెల్లరకు తెలిసినదే.

ఈ న్యాయము సాఫ్ట్‌వేరు వర్తకములో ఎట్లు మారెనో చూతము. మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోస్ 95 అను తమ కూర్పును 1995 ఆగస్టు 24వ తేదీన విడుదల చేయుటకు ముందు, దాని బీటాను అమెరికాలో సుమారు 20 డాలర్లకు సామాన్యులకిచ్చిరి. 2000 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీవారు తమ మాక్ ఓఎస్ టెన్ యొక్క బహిరంగ బీటాను 29 డాలర్ల 95 సెంట్లకు అమ్మిరి. ఆ బీటా 2001 మే నెలతో పనిచేయుట మానునట్లు ముందే గడువు కట్టియుంచిరి. అయితే 2001 మార్చిలో పూర్తి కూర్పు 129 డాలర్లకు వచ్చినప్పుడు, బీటా కొన్నవారికి 30 డాలర్లు తగ్గించి యిచ్చిరి. అనగా బీటాకు పుచ్చుకొన్న సొమ్మును బయానాగా నెంచి, అసలు వెలలో చెల్లుకట్టిరన్నమాట. ఈ తేడాను సభ్యులు జ్ఞాపకముంచుకొందురు గాక. మా వాదమునకు ఇది ముఖ్యము.

తరువాతి కాలమున ఈ వాడుక కంప్యూటరు ఆటల వర్తకములో బాగుగా పెరిగినది. స్వీడన్ దేశీయుడైన మార్కస్ పెర్సన్ 2009లో మైన్‌క్రాఫ్ట్ అను ఆటను ఆల్ఫా దశలోనే అమ్మసాగెను. అప్పటి వెల సుమారు 10 యూరోలు. 2010 డిసెంబరులో బీటా కాగానే వెల సుమారు 15 యూరోలాయెను. 2011 నవంబరులో పూర్తికాగా 20 యూరోలకు చేరెను. ముందు కొన్నవారికి తరువాతి కూర్పులు మరల వెలలేకుండ లభించెను. 2013 మార్చిలో స్టీమ్ అను ఆటల అంగడివారు, పూర్తికాని ఆటలను అమ్ముటకు ఎర్లీ యాక్సెస్ అను ప్రత్యేక విభాగమునే తెరచిరి. అచట 2013 డిసెంబరులో అమ్మకమునకు వచ్చిన డేజడ్ అను ఆట పూర్తి కూర్పుగా వెలువడుటకు 2018 డిసెంబరు వరకు, సరిగా అయిదేండ్లు పట్టెను.

ఈ పద్ధతిని సమర్థించువారి మాటలను కూడ న్యాయముగా వినవలెను. వారు మూడు విషయములు చెప్పుదురు. చిన్న తయారీదారునకు పెట్టుబడి లేదు, బ్యాంకు అప్పియ్యదు, కొనువారు ముందు కొంత యిచ్చినగాని పని సాగదు. ఇది మొదటిది. ముందుగా కొన్నవానికి వెల తగ్గును, వాని సలహాలచేత వస్తువు వానికి తగినట్లు తయారగును. ఇది రెండవది. వెల లేకుండ ఇచ్చినచో దానిని తీసికొన్నవాడు శ్రద్ధతో వాడడు, తప్పులు తెలుపడు; చిల్లిగవ్వయైన పెట్టినవాడే కన్ను వేసియుంచును. ఇది మూడవది. ఈ మూడింటిలోను కొంత నిజమున్నది. బాల్డర్స్ గేట్ 3 అను ఆటను 2020 అక్టోబరులో మొదటి భాగము మాత్రమే సిద్ధముగా నుండగా పూర్తి వెలకే అమ్మిరి. కాని కొన్నవారి మాటలు వినుచు దిద్దుకొని, 2023 ఆగస్టులో మాటయిచ్చిన ప్రకారము పూర్తిచేసిరి. కావున పూర్తికాని సరుకును అమ్మువారందరును మోసగాండ్రని మేమనుట లేదు.

అయినను సహకారులకు ఒక కొలబద్ద యున్నది. ఒకని సొమ్ము ముందుగా మరియొకని చేతికి పోవునప్పుడు దానికి మూడు పేళ్ళలో నేదో యొకటి యుండవలెను. అది వెల, లేక అప్పు, లేక వాటా. వెల యైనచో దానికి బదులుగా నేడే పనికివచ్చు సరుకు చేతికి రావలెను. అప్పైనచో గడువును, తిరిగి వచ్చు మార్గమును ఉండవలెను. వాటాయైనచో లెక్కలు చూచు హక్కు, వోటు, లాభములో భాగము ఉండవలెను. మన పరపతి సంఘములో సభ్యుడు కట్టిన సొమ్ము డిపాజిట్టా, వాటా ధనమా, అప్పు తీరుబడియా యని రశీదులో వ్రాయకుండ గుమాస్తా పుచ్చుకొన్నచో మనమొప్పుకొందుమా? బీటాకు అడుగు సొమ్ము తరచుగా ఈ మూడింటిలో నేదియు గాదు. సరుకు చేతికి రాదు గనుక వెల గాదు. తిరిగి రాదు గనుక అప్పు గాదు. వోటును లాభమును లేవు గనుక వాటా గాదు. తయారీదారుడు తాను మోయవలసిన నష్టభయమును కొనువాని నెత్తిన పెట్టి, లాభమును మాత్రము తానే యుంచుకొనుచున్నాడు. మా యాక్షేపణ దీనికే.

పై యుదాహరణములను ఈ కొలబద్దతో కొలిచినచో భేదము తెలియగలదు. ఆపిల్ వారు బీటా సొమ్మును అసలు వెలలో చెల్లుకట్టిరి. పూర్తి కూర్పును కొన్నవారి పాలిట అది ధర్మమైన బయానా. మైన్‌క్రాఫ్ట్ కొన్నవాడు కొన్ననాడే ఆడుకొనగలిగెను. ఉన్నదానికి తగిన తక్కువ వెలయే యిచ్చెను. వస్తువు బాగుపడినకొలది వెల పెరిగెను. అది ఉన్న సరుకునకిచ్చిన వెల. ఈ రెండు బేరములను తప్పుపట్ట నవసరము లేదు. రానున్నదానిని చూపి నేడు పూర్తి వెల పుచ్చుకొనుటలోనే చిక్కంతయు నున్నది. గేదెను నీళ్ళలో నుంచి కొమ్ములు బేరమాడుట తగదని మన పెద్దలు చెప్పినది ఇట్టి బేరములను గూర్చియే.

ఇందుకు మోటారుకార్ల వర్తకమునుండి యొక దృష్టాంతము చెప్పుదుము. అమెరికాలోని టెస్లా కంపెనీవారు 2016 అక్టోబరునుండి, కారు తనంత తానే నడచునట్టి సాఫ్ట్‌వేరు రానున్నదని చెప్పి, కారు వెలపై దానికి వేరుగా సొమ్ము పుచ్చుకొనసాగిరి. ఆ సాఫ్ట్‌వేరు బీటాగా కొలదిమంది చేతికి వచ్చుటకే 2020 అక్టోబరు వరకు పట్టెను. ఉత్తర అమెరికాలో సొమ్ము కట్టినవారందరికి 2022 నవంబరులో లభించెను. ఈలోగా వెల పెరుగుచు 2022 సెప్టెంబరునాటికి 15,000 డాలర్లాయెను. 2023 ఫిబ్రవరిలో ఆ బీటాగల 3,62,758 కార్లను, అది కూడళ్ళవద్ద అపాయకరముగా నడచునను కారణమున, అచటి రహదారి రక్షణశాఖ పర్యవేక్షణలో దిద్దుబాటునకు తీసికొనవలసి వచ్చెను. 2024 ఏప్రిల్‌లో వెలను 8,000 డాలర్లకు తగ్గించిరి. అదే సంవత్సరమున బీటా యను మాట తీసివేసి, నడుపువాడు కనిపెట్టియుండవలెనను అర్థమిచ్చు పేరు పెట్టిరి. 2016లో కట్టినవాని సొమ్ము నాలుగేండ్లకు పైగా కంపెనీవారి చేతిలో నుండెను. ఆ సొమ్మునకు వడ్డీ లేదు, వాటా లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, పుట్టని బిడ్డకు బారసాల కట్నము చదివించినట్లాయెను.

వస్తువే కాక వర్తకుడే మాయమగుటయు కలదు. ది డే బిఫోర్ అను ఆటను 2023 డిసెంబరు 7వ తేదీన ఎర్లీ యాక్సెస్ విభాగములో సుమారు 40 డాలర్లకు అమ్మకమునకు పెట్టిరి. నాలుగు దినములకే, డిసెంబరు 11వ తేదీన, దానిని చేసిన కంపెనీవారు తాము మూసివేయుచున్నామని ప్రకటించిరి. అంగడివారు నడుమ నుండుటచేత కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి. కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు మించి ఆడని ఆటకు సొమ్ము తిరిగి యిచ్చు నియమమును ఆ అంగడివారు 2015లోనే పెట్టియుండిరి. ఇందు నేర్చుకొనవలసిన దేమన, కొన్నవారిని కాపాడినది వర్తకుని మంచితనము గాక, సొమ్ము నడుమ నొకని చేతిలో నుండుటయు, తిరిగి యిచ్చు నియమము ముందే వ్రాయబడియుండుటయు. మన గ్రామమునకు నేరుగా వచ్చి, నేరుగా సొమ్ము పుచ్చుకొనిపోవు వర్తకునియెడ ఇట్టి రక్షణ లేదు.

ఇక చట్టము సంగతి. 1930 సంవత్సరపు సరకుల విక్రయ చట్టము విక్రయమునకును విక్రయపు ఒడంబడికకును భేదము చెప్పుచున్నది. సరుకుపై హక్కు వెంటనే కొనువానికి మారినచో విక్రయము. ముందు కాలమున మారవలసియున్నచో ఒడంబడిక మాత్రమే. మచ్చు చూపి అమ్మినచో మొత్తము సరుకు మచ్చునకు సరిపోవలెనని అదే చట్టము శాసించుచున్నది. కొనువాడు తన ప్రయోజనమును తెలిపి, అమ్మువాని నేర్పుపై ఆధారపడి కొన్నచో, సరుకు ఆ ప్రయోజనమునకు తగియుండవలెననియు చెప్పుచున్నది. కాని కొనువాడు సరుకును పరిశీలించియుండి, ఆ పరిశీలనలో కనబడదగిన లోపమును గూర్చి తరువాత ఫిర్యాదు చేసినచో ఆ రక్షణ సన్నగిల్లును. బీటా యను మాటలోని చమత్కారమిదియే. “లోపములున్నవని ముందే చెప్పితిమి గదా” యని తప్పించుకొనుటకు ఆ యొక్క మాట అమ్మువానికి చాలును.

సాఫ్ట్‌వేరు కంటికి కనబడనిది గదా, అది సరుకగునా యని సందేహము కలుగవచ్చును. ఈ సందేహము మన రాష్ట్రపు అమ్మకపు పన్నును గూర్చిన వ్యాజ్యములోనే తీరినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారికిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును జరిగిన వ్యాజ్యములో, 2004 నవంబరు 5వ తేదీన సుప్రీముకోర్టులోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, సిద్ధముగా చేసి డిస్కులపై అందరికి నొక్కరీతిగా అమ్ము సాఫ్ట్‌వేరు సరుకేయని తీర్పు చెప్పెను. అది పన్నును గూర్చిన తీర్పు. అయినను ధర్మము మాత్రము తేటగా నున్నది. పన్ను వేయునపుడు సరుకైన వస్తువు, కొరత చెప్పునపుడు సరుకు గాకపోరాదు. 2020 జూలైనుండి అమలులోనికి వచ్చిన 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమును సభ్యులు గుర్తుంచుకొనవలెను. వ్యాపారార్థము కొన్నవాడు వినియోగదారుడు కాడని ఆ చట్టమన్నను, స్వయముగా పనిచేసి జీవనము గడుపుకొనుటకే కొని వాడుకొనువానిని అది తోసివేయలేదు. తన సేద్యమునకై కొన్న రైతు రశీదును, ఒడంబడికను భద్రపరచుకొన్నచో జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును.

కోర్టులలో న్యాయము దొరకువరకు పంట ఆగదు. ఆటకును సేద్యమునకును గల భేదమిదియే. ఆట సాఫ్ట్‌వేరు చెడినచో ఒక సాయంకాలము వృథాయగును. సేద్యపు సాఫ్ట్‌వేరు చెడినచో కారు వృథాయగును. ఆకు ఫొటో చూచి ఒక తెగులునకు మరియొక తెగులు పేరు చెప్పినచో, రైతు పనికిరాని మందు కొని చల్లును. అసలు తెగులు పైరును తినివేయును. మోటారు స్టార్టరు సాఫ్ట్‌వేరు నీరులేని బావిలో మోటారును ఆపుట మరచినచో తీగచుట్టు కాలిపోవును. పాలకేంద్రమున వెన్న శాతమును తప్పుగా కట్టినచో ఏమగునో లెక్కించి చూతము. దినమునకు 1,000 లీటర్ల పాలు చేరు కేంద్రమున, వెన్న యొక శాతమునకు లీటరుపై 8 రూపాయలు కట్టుచున్నారనుకొందము. సాఫ్ట్‌వేరు శాతములో పదవవంతు తక్కువగా చూపినచో లీటరునకు 80 పైసలు తగ్గును. దినమునకు 800 రూపాయలు, నెలకు 24,000 రూపాయలు పాలుపోసిన సభ్యుల చేతినుండి జారిపోవును. ఒక్కొక్కరికి పోవునది కొద్దియే కాన ఎవరును గుర్తింపరు. తక్కువ వెలకు బీటా దొరకినదని సంఘము ఆదా చేసిన సొమ్ము, ఇట్టి తప్పు ఒక్క నెల నిలిచినను హరించిపోవును.

చిన్న తయారీదారుల మాట యేమని కొందరడుగవచ్చును. మన పట్టణములలో చదివి, మన భాషలో, మన రైతులకై సాఫ్ట్‌వేరు చేయు యువకులకు చేయూత నియ్యనిచో, విదేశపు పెద్ద కంపెనీలకే బానిసలమగుదుము గదా యని వారి యాక్షేపణ. ఇది తోసివేయదగినది కాదు. దీనికి మా సమాధానము మన బావులలోనే యున్నది. బావి త్రవ్వువానికి నీరు పడినపిమ్మటనే కూలి యిత్తుమనుట అన్యాయము. పార పట్టకముందే యావత్తు సొమ్ము నిచ్చుట అవివేకము. గజమునకింత యని మాటాడుకొని, త్రవ్వినంత కొలిచి యిత్తుము. సాఫ్ట్‌వేరునకును అట్లే చేయవచ్చును. సభ్యుల జాబితా సరిగా కుదిరినప్పుడింత, అప్పుల ఖాతా మన పాత పుస్తకముతో సరిపడినప్పుడింత, వార్షిక ఆడిటు నిలిచినప్పుడింత యని మెట్లు కట్టి యిచ్చినచో, చేయువాడును బ్రతుకును, సంఘమును నష్టపడదు. ఆ మెట్టు అతనికి చాలనిచో, బహిరంగముగా అప్పడుగనిండు, లేక వాటాదారులుగా చేరుమని కోరనిండు. మహాజనసభ యెదుట ఆ ప్రతిపాదనను పెట్టి ఆలోచింతము.

వెల లేకుండ శ్రద్ధగా పరీక్షించువారుండరను వాదమునకు ప్రత్యక్ష సమాధానమొకటి కలదు. 1991లో ఆరంభమైన లినక్స్, 1993లో ఆరంభమైన డెబియన్ మొదలగునవి వెలలేకయే పరీక్షింపబడి, వేలకొలది జనుల సహాయముచేత వృద్ధిచెందినవి. అచట పరీక్షించువాడు సొమ్మియ్యడు, పుచ్చుకొనడు. కాని దిద్దబడిన సాఫ్ట్‌వేరు అందరి యుమ్మడి యాస్తిగా నిలుచును. అతని శ్రమ ఫలము మరియొకని పెట్టెలోనికి పోదు. ఇది మన సహకార ధర్మమునకు దగ్గర చుట్టము. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 28 మంది పనివారు తమ సహకార అంగడిని తెరచినప్పుడు, కల్తీలేని సరుకు, నిండు తూకము అను రెండింటిని నియమములుగా పెట్టుకొనిరి. పూర్తికాని సాఫ్ట్‌వేరును పూర్తి వెలకమ్ముట, తాలు గింజలతో నింపిన మానికను నిండు మానికయని కొలుచుటయే.

మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణమును కూడ ఈ దృష్టితోనే చూడవలెను. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వమువారు 63,000 సంఘములకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. అందు కేంద్రపు వంతు 1,528 కోట్లు; తక్కినది రాష్ట్రములును నాబార్డును భరించునట్లు ఏర్పాటు. క్రొత్త సాఫ్ట్‌వేరు యొక్క వెలను సంఘములమీద మోపకపోవుట మెచ్చదగినది. కాని వెల లేకున్నను శ్రమ కలదు. ఏండ్ల తరబడి వ్రాసిన ఖాతాలను కార్యదర్శి యొక్కొక్కటిగా క్రొత్తదానిలోనికి ఎక్కించి, తేడాలను వెదకవలసియుండును. ఆ శ్రమయే పరీక్షకుని శ్రమ. అతడు తెలిపిన తప్పునకు జవాబు రావలెను. పాత పుస్తకమును క్రొత్త లెక్కయు సరిపడువరకు పాత పుస్తకమును మూయరాదు.

ఇట్టి బేరము ఎదురైనప్పుడు సంఘములు పాటింపదగిన నియమములను క్లుప్తముగా తెలుపుచున్నాము.

మొదటిది: నేడు నడచుచున్నదానిని కన్నులార చూచి, దానికి మాత్రమే వెలకట్టవలెను. ముందు వచ్చునన్నవాటికి పైసయైన వెలగా నియ్యరాదు.

రెండవది: ముందిచ్చు సొమ్ము వెలయా, బయానాయా, అప్పా, వాటాయా యని కాగితముమీద వ్రాయించుకొనవలెను. బయానాయైనచో గడువు దాటిన పిమ్మట తిరిగి యియ్యవలెనని యుండవలెను.

మూడవది: అసలు వెలలో నాలుగవవంతునకు తక్కువ గాకుండ, ఒక పూర్తి కారు గాని, ఒక ఆడిటు గాని నడచినపిమ్మటనే చెల్లించునట్లు నిలుపుకొనవలెను.

నాలుగవది: సంఘపు లెక్కలును, సభ్యుల వివరములును ఎప్పుడడిగిన నప్పుడు, వేరొక సాఫ్ట్‌వేరులోనికి ఎక్కించుకొనదగిన రూపమున మన చేతికి రావలెను. అమ్మినవాడు అంగడి మూసినను మన లెక్క మూతపడరాదు.

అయిదవది: డబ్బుకును, తూకమునకును, పైరుకును సంబంధించిన పనిలో బీటాను ఒంటరిగా నమ్మరాదు. పాత పద్ధతిని ప్రక్కనుంచి, కనీసమొక నెల రెండింటిని సరిచూడవలెను.

ఆరవది: బీటాను ఊరకనే తీసికొన్నచో, పరీక్షకుని ధర్మమును మనము నెరవేర్చవలెను. కనబడిన తప్పును తేదీతోను, వివరముతోను వ్రాసి తెలుపక, చావడిలో కూర్చుండి సాఫ్ట్‌వేరు పాడని నిందించుట తగదు. మినీకిట్టు విత్తనము తీసికొని, నాటక గాదెలో పడవేసినవాని వలె కారాదు.

క్రొత్తదానిని జూచి జడియుమని మేము చెప్పుట లేదు. పంపుసెట్టు వచ్చిననాడు మోటను విడువజాలనివారు వెనుకబడిరి. సాఫ్ట్‌వేరునుండి మన సంఘములు పొందవలసిన మేలు చాల గలదు. పరీక్షింపుమని యడిగినచో సహాయము చేయుదము. సరుకు తెచ్చినచో వెల యిత్తము. పెట్టుబడి కావలెనన్నచో లెక్కలు చూపుమందము. ఈ మూడింటిని కలగలిపి మన చేతిసంచిని తడుమువానికి మాత్రము సంఘపు ఇనుపపెట్టె తాళముచెవి నియ్యరాదు. రాబోవు మహాజనసభలలో ఇట్టి కొనుబడి విషయము వచ్చినప్పుడు, సభ్యులు మొగమాటపడక, “ఈ సొమ్మునకు పేరేమి?” అని నిలదీసి యడుగవలెనని కోరుచున్నాము.